కాశీబుగ్గలో పుట్టిన బొంబాయి చొక్కా

బొంబాయి మహానగరంలో చొక్కా కుట్టడం ఒక్కడికీ చేతకాదు. అక్కడ తయారయ్యాయని మనం మురిసిపోయి తొడుక్కునే చొక్కాలన్నీ కాశీబుగ్గలో, పిండిమిల్లు పక్క కొట్టులో, పోలారావు అనే ఒకే ఒక్క మనిషి కుట్టినవి.

ఈ మాట పట్టుకుని బొంబాయి వెళ్లి ఎవరితోనైనా తగువు పెట్టుకునేరు. అందుకని కాస్త తగ్గిస్తాను. చొక్కాలన్నీ కాదు. పలాస, టెక్కలి, కోటబొమ్మాళి వైపు అమ్ముడయినవి మాత్రమే. సరే, అవి కూడా అన్నీ కాదు. తొంభై తొమ్మిది తుఫాను వెళ్లింది మొదలు రెండు వేల రెండు దసరా దాకా, కాలరు లోపల ‘అగాథా అండ్ సన్స్, బాంబే’ అని ఇంగ్లీషులో రాసి ఉన్నవి. ఇంతకు మించి ఒక్క గుండీ కూడా తగ్గించను. ఎందుకంటే ఆ పేరు పెట్టినవాణ్ణి నేనే.

పోలారావుది ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి పండించే ఇల్లు. ఆ ఇళ్లలో మగపిల్లాడన్నాక చెట్టెక్కాలి. పోలారావు ఎక్కాడు. రెండుసార్లు ఎక్కి, రెండుసార్లూ దిగకుండానే కిందికొచ్చాడు. రెండోసారి కింద మేస్తున్న మేక మీద పడ్డాడనీ, మేక బతికింది గానీ జన్మలో మళ్లీ కొబ్బరిచెట్టు నీడకు వెళ్లలేదనీ వాళ్ల ఊళ్లో చెప్పుకుంటారు. మేక సంగతి నేను చూడలేదు. వాళ్లమ్మ మాత్రం, “సెట్టు నీకు అచ్చిరాదురా నాయనా, కూకుని సేసే పనేదో సూసుకో” అని టెక్కలిలో ఒక టైలరు దగ్గర పనికి పెట్టింది.

కూర్చుని చేసే పని పోలారావుకు అబ్బింది. మెడలో టేపు అలంకారానికే. మనిషి రోడ్డు దాటుతుంటే చూసి కొలతలు చెప్పేవాడు. ఒకే ఒక్క లోపం, గడువు. ఎప్పుడిస్తావని అడిగితే “రేపు” అనేవాడు. పెళ్లిచూపులకని గుడ్డ ఇచ్చినవాడు ఆ చొక్కా కొడుకు అన్నప్రాశనకు తొడుక్కున్నాడు. అయితే చక్కగా అతికింది. ఈ మధ్యలో పెరిగిన పొట్టను కూడా పోలారావు ముందే ఊహించి కుట్టాడు.

ఇంకొక అలవాటు ఉండేది. కొత్తబట్టకు ఒక మూల పసుపు పెట్టి తొడుక్కోవడం మన ఇళ్లన్నిటా ఉన్నదే. అది పెట్టాల్సింది తొడుక్కునేవాడి ఇంట్లో పెద్దవాళ్లు. పోలారావు అందాకా ఆగలేడు. పసుపు లేకుండా కొత్తబట్ట నీ చెయ్యి దాటకూడదని వాళ్లమ్మ చెప్పిందట. మిషను పక్కన కొబ్బరిచిప్పలో తడి పసుపు ఉండేది. ఆఖరి గుండీ పడగానే బొటనవేలు అందులో ముంచి కాలరు లోపల, కొట్టు పేరుండే గుడ్డముక్క కింద అద్దేవాడు. పని నేర్చుకునే రోజుల్లో సూది ఆ వేలిలోంచి దిగింది. మానాక నిలువునా గాడి మిగిలింది. అందుకని ఆ ముద్ర, జీడిపప్పు రెండు బద్దలుగా విడిపోయినట్టు ఉండేది.

మిషను మాత్రం ఆయనది కాదు, భార్య బొడ్డమ్మది. పలాస జీడి ఫ్యాక్టరీలో ఆరేళ్లు పిక్కలు కొట్టి కొన్నది. జీడి నూనె అంటుకుంటే చర్మం ఊడి వస్తుంది, వేళ్లు పగులుతాయి. ఆవిడ చేతివేళ్లు నల్లగా, ఎండిన బెరడులా ఉండేవి. “మిషను నా ఏళ్లతో కొన్నాను, నీ కాళ్లతో తొక్కు” అని మొగుడికి ఇచ్చింది. తను కాజాలు తీసేది, గుండీలు కట్టేది.

అప్పటిదాకా మన వైపు రెడీమేడ్ అంటే సంతలో గోనె మీద కుప్పపోసి అమ్మే పిల్లల గౌన్లు, లాగులు. పెద్దవాళ్లు గుడ్డ కొనుక్కుని టైలరు దగ్గరకు వెళ్లాలి, వాడు రేపు అనాలి, వీళ్లు తిరగాలి. అదొక మర్యాద. తొంభై ఎనిమిదిలో జనార్దనరావు ఆ మర్యాదకు అడ్డుపడ్డాడు. ఈయనది భూములు, వ్యాపారం, రాజకీయం మూడూ ఉన్న ఇల్లు. ఎన్నికల్లో ఓడిపోతే మిగిలిన కండువాలతో బట్టల వ్యాపారం మొదలెట్టాడంటారు. పోలారావు కొట్టుకు సరిగ్గా ఎదురుగా అద్దాల తలుపులతో రెడీమేడ్ షాపు తెరిచి, తలలేని బొమ్మకు చొక్కా తొడిగి నిలబెట్టాడు.

జనం విరగబడ్డారు. చొక్కాకని కాదు. కాలరు కింద అట్టముక్క, చేతులకు గుండుసూదులు, పైన చరచరలాడే ప్లాస్టిక్ కవరు, వీటి కోసం. కవరు తియ్యకుండా వారం రోజులు ఇంటికొచ్చినవాళ్లకు చూపించుకున్నవాణ్ణి నేనెరుగుదును.

ఒకరోజు టీ కొట్టు దగ్గర నలుగురూ పోలారావును కదిపారు. “ఏటి బావా, ఎదురు షాపు సూసినావా? గంటలో నలభై మందికి బట్టలిచ్చీసినాడు.”

పోలారావు గ్లాసు కింద పెట్టాడు. “ఆ బొమ్మకు తల నేదు. ఆ బట్టలు కొన్నోడికీ నేదు. ఇదుగో, అందరూ ఇనండి. నా సేత్తో రెడీమేడ్ చొక్కా కుట్టిననాడు ఈ మిషను అట్టుకెళ్లి సముద్రంలో పారేత్తాను. మాయమ్మ మీద ఒట్టు.”

ఆ సంగతి బొడ్డమ్మకు సాయంత్రానికి తెలిసింది. “ఒట్టు నీది, మిషను నాది. సముద్రంలో పడాలంటే నువ్వే పడు” అంది.

ఏడాది తిరక్కుండా పోలారావు కొట్టులో మిగిలిన పని, ఎదురు షాపులో కొన్న ప్యాంట్ల కాళ్లు కత్తిరించడం. అది రెడీమేడ్ కుట్టడం కిందికి రాదు, కోయడం కిందికి వస్తుందని ఆయన తనకు తనే చెప్పుకున్నాడు. ఆ రోజుల్లోనే ఢిల్లీరావు అని వాళ్ల ఊరివాడు తిరుపూరు నుంచి సెలవు మీద వచ్చి, అక్కడి బట్టల కంపెనీలో చేరమని పిలిచాడు.

“ఏటి కుడతావురా అక్కడ?” అని పోలారావు అడిగాడు.

“ఎడం సెయ్యి.”

“ఎడం సేత్తో కుడతావా?”

“కాదు మావా, చొక్కాకి ఎడం సెయ్యి. రెండేళ్లబట్టి అదే కుడతన్నాను. కుడి సెయ్యి కుట్టేవోడు పక్క షెడ్డులో ఉన్నాడంట. ఆడి మొకం నాను సూడనేదు. నిండు చొక్కా కూడా సూడనేదు.”

పోలారావుకు వారం రోజులు అన్నం సయించలేదు. కొట్టు మూస్తే తను వెళ్లాల్సింది అక్కడికే. ఎడమ చేతిలోనో, జేబులోనో, మిగిలిన జీవితమంతా.

ఇలా ఉండగా తుఫాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసగా పడుకున్నాయి. రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. దీపావళి దగ్గర పడింది, జనార్దనరావు షాపులో సరుకు లేదు. బొమ్మ ఒంటి మీద చొక్కా కూడా అమ్మేశాక, తలతో పాటు బట్ట కూడా లేని బొమ్మను గోడవైపు తిప్పి నిలబెట్టాడు.

అప్పుడు నేను పలాస స్టేషనులో పార్సిల్ గుమాస్తాను. “బొంబాయి మూటలు ఎప్పుడొస్తాయి?” అని జనార్దనరావు రోజూ వచ్చి నన్ను పీక్కుతినేవాడు. రావని నాలుగోసారి చెప్పిన రోజున, ఆయన వీధి గుమ్మం వదిలి, దొడ్డిదారిన పోలారావు ఇంట్లోకి వెళ్లాడు. ఎన్నికలప్పుడు తప్ప ఆ కుటుంబం వాళ్లు ఎవరి ఇంటికీ వెళ్లరు. అందుకని బొడ్డమ్మ ముందుగా “ఓట్లేటి మళ్లీ వచ్చినాయా బాబూ?” అని అడిగింది.

“ఓట్లు కావు, చొక్కాలు. పోలారావూ, మూడు సైజుల్లో నాకు చొక్కాలు కావాలి. పేరు బొంబాయిది పెడతాం.”

“నా ఒట్టు తెల్దేటి బాబూ మీకు?”

“తెలుసు. అందుకే దొడ్డిదారిన వచ్చాను.”

పోలారావు ఆ రోజు ఒప్పుకోలేదు. మర్నాడు కూడా ఒప్పుకోలేదు. మూడోరోజు ఢిల్లీరావు సెలవైపోయి తిరుపూరు బండి కోసం విశాఖపట్నం బస్సెక్కడానికి వెళుతూ, “వత్తావా మావా, జేబుల కాడ ఒకడు కావాలంట” అని గుమ్మంలోంచి కేకేశాడు. పోలారావు కత్తెర తీసుకున్నాడు.

ఆ మర్నాడు జనార్దనరావు నా దగ్గరకొచ్చి, “నువ్వు కాన్వెంటులో చదివావు కదా, మంచి బొంబాయి పేరొకటి చెప్పు” అన్నాడు. నాకు విశాఖపట్నంలో చదువు చెప్పిన సిస్టర్ అగాథా గుర్తొచ్చారు. అబద్ధం చెప్పినప్పుడల్లా నన్ను కంకర మీద మోకాళ్లు వేయించేవారు. ఆవిడ రుణం ఇలా తీర్చుకున్నాను. పేరు గుడ్డలు బరంపురంలో అచ్చయి వచ్చాయి. పెళ్లి కాని సిస్టర్‌కు సన్స్ ఎక్కడి నుంచి వచ్చారని మూడేళ్లలో ఒక్కరూ అడగలేదు. ఇంగ్లీషులో రాసి కుడితే మనవాళ్లు నమ్మని సంగతి లేదు.

కాలరు అట్టలు మిఠాయి పెట్టెలు కోసి చేశారు. మొదటి విడత బొంబాయి చొక్కాలకు చీమలు పట్టాయి. “సముద్రం పక్క ఊరు కదా, అక్కడి చీమలు” అని జనార్దనరావు సర్ది చెప్పాడు.

అసలు చిక్కు మిషను చప్పుడు. పని లేని టైలరు కొట్టులో పొద్దస్తమానం మిషను మోగితే వీధిలోవాళ్లు అడగరా? పక్కన పిండిమిల్లు ఉంది. అది తిరిగితే వీధిలో పిడుగు పడ్డా వినపడదు. షట్టరు సగం దించి, మిల్లు మోగినంతసేపూ పోలారావు కుట్టేవాడు. కరెంటు పోతే మిల్లు ఆగేది, మిల్లు ఆగగానే పోలారావూ ఆగేవాడు. కాలితో తొక్కే మిషనుకు కరెంటు కోత వర్తించిన ఊరు ప్రపంచంలో కాశీబుగ్గ ఒక్కటే. పనిలేక మధ్యాహ్నమంతా నిద్రపోతున్నాడని ఊరంతా జాలిపడింది.

ఇన్నేళ్లలో ఎన్నడూ గడువుకు చొక్కా ఇవ్వని మనిషి, పేరు దాచుకున్నాక ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యలేదు. రేపు అనడానికి ఎదురుగా మనిషి లేడు కదా.

చొక్కాలు బ్రహ్మాండంగా వెళ్లాయి. రైళ్లు తిరిగి, అసలు బొంబాయి సరుకు వచ్చాక కూడా జనం అగాథావారివే అడిగేవారు. మన భుజాలకూ మన పొట్టలకూ అంత చక్కగా అతికేలా బొంబాయివాడు ఎలా కుట్టగలుగుతున్నాడో అని ఆశ్చర్యపోయేవారు. ఆ మాట పోలారావు దగ్గరకే వచ్చి అనేవారు.

“మిషను కుట్టంటే ఇదీ. సూడు బావా, ఈ కాలరు సూడు. నువ్విలా కుట్టగలవేటి?”

పోలారావు తను కుట్టిన ఆ కాలరునే తిరగేసి, బోర్లేసి చూసి, కళ్లు మూసి తెరిచి, “నా వల్లెక్కడవుతాది బాబూ” అనేవాడు. మొదట్లో నవ్వుకుంటూ అన్నాడు. రెండో ఏడు నవ్వు తగ్గింది. మూడో ఏటికి ఆ మాట అన్నాక కాసేపు మిషను వైపు చూసేవాడు కాదు. ఒకసారి నాతో, “మావా, మనిషి సచ్చిపోనాక గదా పొగడాల. నాకేటి, బతికుండగానే ఇంకోడి పేరు మీద పొగుడతన్నారు” అన్నాడు.

బొంబాయి చొక్కాకు పసుపు పెట్టకూడదన్న సంగతి మాత్రం ఆయనకు తట్టనే లేదు. ఆఖరి గుండీ పడిందంటే వేలు దానంతటదే చిప్పలోకి వెళ్లేది. మరి మూడేళ్లు ఎవరూ ఎందుకు కనిపెట్టలేదంటే, చూశారు. భార్య పెట్టిందని అత్త అనుకుంది, అత్త పెట్టిందని భార్య అనుకుంది. ఇద్దరూ మాట్లాడుకోని ఇళ్లే కదా ఎక్కువ.

రెండు వేల రెండు దసరాకు రాజులమ్మ షాపుకొచ్చింది. పోలారావు ఊరి ముసలావిడే. పోలారావు మొలతాడు కూడా లేకుండా తిరిగిన రోజుల నుంచీ ఎరిగిన మనిషి, ఒకప్పుడు ఇంట్లో మగవాళ్లందరికీ ఆయన చేతే చొక్కాలు కుట్టించిన మనిషి. అల్లుడికి చొక్కా కొని, ఆవిడ ఎవరూ చెయ్యని పని చేసింది. కవరు అక్కడే చింపి, కాలరు తిరగేసింది.

“ఏటి బాబూ, ఇది ఎవుడో తొడిగి ఇడిసిందా?”

“కొత్తది పిన్నమ్మా. సీలు నీ చేత్తోనే తీశావు” అన్నాడు జనార్దనరావు.

“మరి పసుపెవుడెట్టినాడు?”

జనార్దనరావు రాజకీయాల్లో ఉన్నవాడు. తడుముకోలేదు. “ఆ కంపెనీ అలాంటిది. మన ఆచారం తెలిసిన కంపెనీ” అన్నాడు.

రాజులమ్మ చొక్కాను వెలుగుకు పట్టుకుంది. జీడిపప్పు, రెండు బద్దలు. అంతే, షాపు అద్దాలు అదిరేటట్టు అరిచింది. “ఓలమ్మో! ఇది బొంబాయి ఏలేటి? ఇది మా పోలిగాడి బొటనేలు!”

పావుగంటలో టీ కొట్టంతా పోలారావు కొట్టు ముందుంది. ఒట్టు విన్నవాళ్లు పది మందైతే, విన్నామని వచ్చినవాళ్లు వంద మంది. ఒకడు మిషను వెయ్యడానికి ఆటో తెచ్చాడు. ఇంకొకడు, సముద్రంలో వేసేముందు కొట్టాలని కొబ్బరికాయ తెచ్చాడు. నేను స్టేషను వదిలి పరిగెత్తుకొచ్చాను. ఆ పూట పలాసలో పార్సిళ్లు ఎవరు దించుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

“బావా, ఒప్పుకో! ఈ చొక్కాలన్నీ నువ్వే కుట్టినావా నేదా?”

పోలారావు మిషను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. గుంపులో సగం మంది ఒంటి మీద ఆయన చొక్కాలే ఉన్నాయి. ‘నీ వల్లవుతుందా’ అని మూడేళ్లు అడిగినవాళ్లే, ఇప్పుడు కళ్లు పెద్దవి చేసుకుని, ‘నువ్వేనా’ అని అడుగుతున్నారు. అవునంటే పేరొస్తుంది, మిషను పోతుంది. కాదంటే మిషను మిగులుతుంది, ఆ చొక్కాలు ఎన్నటికీ బొంబాయివే. ఆయన పెదవులు విడివడటం నేను చూశాను. అవుననబోయాడు. ఆ పేరు కోసం మిషనే కాదు, ఆ క్షణంలో ఆటో ఎక్కమంటే తను కూడా సముద్రంలోకి వెళ్లిపోయేవాడు.

వెనక గదిలోంచి బొడ్డమ్మ వచ్చింది. పళ్ల మధ్యనున్న సూది తీసి జాకెట్టుకు గుచ్చుకుని, మొగుణ్ణి పక్కకు జరిపింది.

“ఆయన్నేటి అడుగుతారు? కుట్టింది నాను.”

“నువ్వా!”

“ఏం, మిషను నాది గాదేటి? ఆయన మద్దేన్నం పడుకుంటాడని మీరే గదా ఊరంతా సెప్పుకున్నారు. ఆయన పడుకుంటే ఎవుడు కుడతాడు?”

“మరి ఈ ఏలు?” అంది రాజులమ్మ.

బొడ్డమ్మ తన బొటనవేలు పసుపు చిప్పలో ముంచి, ఆ చొక్కా కాలరుకే రెండోవైపు అద్దింది. ఆరేళ్ల జీడి నూనె ఆ వేలిని కూడా నిలువునా చీల్చింది. రెండు బద్దలు. రాజులమ్మ చొక్కాను అటూ ఇటూ తిప్పింది. ఈ ముద్ర కొంచెం చిన్నది. ఆ సంగతి నేను చూశాను, ఆవిడా చూసింది. బొడ్డమ్మ వేళ్ల వంక ఇంకాసేపు చూసి, “ఇదీ జీడిబద్దే” అంది.

“మరి ఒట్టో?” అని ఆటో తెచ్చినవాడు అడిగాడు.

“ఒట్టు ఆయనది. నానే ఒట్టూ ఏసుకోనేదు.”

గుంపుకు చాలా నిరాశ కలిగింది. కొబ్బరికాయ తెచ్చినవాడు దాన్ని మళ్లీ ఇంటికి మొయ్యడం ఇష్టం లేక, అక్కడే మిషను ముందు కొట్టేశాడు. అలా తెలియకుండానే ప్రారంభోత్సవం అయిపోయింది. నెల తిరక్కుండా కొట్టుకు కొత్త బోర్డు పడింది, ‘బొడ్డమ్మ టైలర్స్’.

ఆ తర్వాత బొడ్డమ్మ మనుషుల్ని ఒక్క చూపుతో కొలిచేసేదని ఊళ్లో గొప్పగా చెప్పుకునేవారు. కొలిచేది పోలారావు. తెర వెనక కూర్చుని, చిరుగులోంచి చూసి, ఆవిడ కాలి వేలికి కట్టిన దారం లాగేవాడు. ఎన్నిసార్లు లాగితే ఎంత కొలతో వాళ్లిద్దరికే తెలుసు. దారం సంగతి నేను కొంచెం కల్పించి ఉండవచ్చు. తెర మాత్రం ఉంది. కొన్నాళ్లకు బొడ్డమ్మ నిజంగానే నేర్చుకుంది. జీడి ఫ్యాక్టరీ నుంచి నలుగురు ఆడవాళ్లను తెచ్చుకుని, బడిపిల్లల యూనిఫాంలు కుట్టించడం మొదలెట్టింది. ఎడమ చెయ్యి ఒకరు, కుడి చెయ్యి ఒకరు అన్న పద్ధతి ఆ కొట్టులో లేదు. నిండు చొక్కా కుట్టనిదే ఎవరినీ లేవనివ్వదు. జనార్దనరావు షాపులో ఇప్పుడు అన్నీ బయటి సరుకే. అగాథావారు వ్యాపారం ఎందుకు మానేశారని అడిగినవాళ్లకు, కొడుకులు పాడు చేశారని చెబుతాడు.

ఇదంతా రాసుకుని నిన్న వాళ్ల కొట్టుకు తీసుకెళ్లి చదివాను. రెండు వేల ఎనిమిదిలో కూడా పిండిమిల్లు అలాగే మోగుతోంది. రాజులమ్మ బల్ల మీద కూర్చుని ఉంది. ఎనభై దాటినా దసరాకు దసరాకు వచ్చి, ఆ మిషను సముద్రంలో పడటం చూడందే పోనంటుంది. బొడ్డమ్మ యూనిఫాం గుడ్డ కోస్తూ తలెత్తలేదు. పోలారావు తెర ముందుకొచ్చి ఆఖరుదాకా విన్నాడు. బొటనవేలు పసుపుగా ఉంది. లుంగీకి తుడుచుకుని, ఒకసారి రాజులమ్మ వైపు, ఒకసారి మిషను వైపు చూశాడు.

“అన్నీ అబద్ధాలే మావా. తుఫానొకటే నిజం. రెడీమేడ్ చొక్కా నాను ముట్టుకోనేదు. నాకసలు కుట్టుపనే రాదు. టైలరు ఆవిడ. నాను గుండీలు కడతాను.”